వెలిసిపోయిన చిలకలు

ప్రమీలారాణి కంప్యూటరు నేర్చుకుంది కోపంతో. చేబ్రోలులో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు పెళ్లికూతురి తల్లి వీపు మీద, ఆవిడ తోడికోడలి వీపు మీద, వడ్డన దగ్గర నిలబడ్డ ఆడవాళ్లందరి వీపుల మీద ఒకటే మామిడిపిందె కనిపించింది. తను తొడుక్కెళ్లిన జాకెట్టు మీదా అదే పిందె. తెనాలిలో తనతో సహా ఎంబ్రాయిడరీ మిషను ఉన్న ప్రతివాళ్లూ ఆ డిజైను కొనుక్కున్నవాళ్లే మరి.

"వీపులన్నీ స్కూలు యూనిఫారంలా ఉన్నాయండీ" అంది ఇంటికొచ్చి భర్తతో.

ఆయన దశరథరామయ్య. పొన్నూరులో బియ్యం మిల్లు గుమాస్తా, రోజూ వెళ్లొస్తాడు. "బియ్యం కూడా అన్నీ ఒకేలా ఉంటాయి. జనం తినడం లేదా?" అన్నాడు.

ఆ మాటతో ఆవిడకి పట్టుదల పుట్టింది. ఒక పాత కంప్యూటరు కొనిపించింది. బజారులో ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి డిగ్రీ పిల్లల పక్కన కూర్చుని మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టింది. గీసిన బొమ్మని, సూది ఎటు నడవాలో ఎక్కడ ఆగాలో మిషనుకి చెప్పే ఫైలుగా మార్చాలి. ఆ పనిని పంచింగ్ అంటారు. ఆవిడ మొదటిసారి పంచింగ్ చేసిన చేమంతి గుడ్డ మీదకి వచ్చేసరికి అచ్చం పల్లేరుకాయలా ఉంది. అయినా దాన్ని ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. వచ్చినవాళ్లు అదేంటని అడిగితే "పువ్వు" అని మాత్రం చెప్పేది.

ఏడాది తిరిగేసరికి పువ్వులు పువ్వుల్లానే రావడం మొదలైంది. బాపట్లలో చెల్లెలు హైమావతి, రేపల్లెలో ఆడపడుచు కోటేశ్వరి కూడా చెరో మిషను, చెరో కంప్యూటరు పెట్టుకున్నారు. గీసేది ప్రమీలారాణి. కుట్టేది ముగ్గురూ. డిజైన్లు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండేవి. రేపల్లె ప్యాసింజరులోనో, బాపట్ల వెళ్లే బస్సులోనో తెలిసినవాళ్ల చేతిలో ఒక స్టీలు డబ్బా వెళ్లేది. అందులో దారపు రీళ్లు, జాకెట్టు ముక్కలు, వాటి మధ్య పెన్‌డ్రైవ్. మిషనుకి ఎలాగూ పెన్‌డ్రైవే కావాలి కనుక ప్రమీలారాణి గీసింది గీసినట్టు అందులోనే దాచేది. తన కంప్యూటరులో ఇంకో కాపీ ఉంచుకోవాలని ఆవిడకి తోచలేదు. ఇనప్పెట్టె ఉండగా పరుపు కింద కూడా డబ్బు ఎవరు పెట్టుకుంటారు?

అలాంటి రోజుల్లో బ్రహ్మయ్య వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. మీసం లేదు, గొంతు గట్టిది. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ పౌరాణిక నాటకాల్లో మహారాణి వేషం కడుతున్నాడు. జిల్లాలో ఆ వేషానికి ఆయన తర్వాతే ఎవరైనా అని ఆయన అభిప్రాయం, కొందరు ఒప్పుకుంటారు కూడా. సంచిలోంచి ఒక పాత జాకెట్టు తీసి బల్ల మీద పరిచాడు. జరీ నల్లబడింది, చంకలు చిరిగాయి.

"అమ్మాయ్, ఇది నాతోపాటే రిటైరైంది. తెనాలిలో నాటకం ఒప్పుకున్నా. కొత్తది కావాలి."

"బొమ్మేం వెయ్యమంటారు బాబాయ్? నెమలా, హంసా?"

"అవన్నీ అందరి వీపుల మీదా ఉన్నాయిగా. ఎవరి వీపునా లేనిది వెయ్యి."

ప్రమీలారాణి ఎన్నాళ్ల నుంచో వినాలనుకుంటున్న మాట అది. ఆవిడ కుట్టిన జాకెట్లు చూసి జనం కొలత బాగా కుదిరిందనేవాళ్లు. బొమ్మ ఎవరు గీశారని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. డిజైన్లు ఎక్కడో కొనుక్కొస్తారనే అందరి నమ్మకం. స్టేజీ మీద, లైట్ల కింద, ఊరంతా చూసే వీపు ఇన్నాళ్లకి దొరికింది.

పెరట్లో జామకాయల కోసం పోట్లాడుకునే చిలకల్ని చూసి గీసింది. రెండు చిలకలు. ఒకటి బతిమాలుతున్నట్టు మెడ చాచి ఉంటుంది. రెండోది అలిగి అటు తిరిగి కూర్చుంటుంది. అలిగిన చిలక మెడ వంపు కుదరడానికే చాలా రోజులు పట్టింది. వంట చేస్తూ గరిటె పక్కన పెట్టి వచ్చి ఒక గీత దిద్ది వెళ్లేది. కీబోర్డు మీద పసుపు వేలిముద్రలు ఆ రోజులవే.

చిలకలు పూర్తయి మిషను ఎక్కాల్సిన వారంలో, ఒక పొద్దున పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే ప్రతి ఫోల్డరు బొమ్మకీ మూల ఒక చిన్న బాణం గుర్తు కనబడింది. నొక్కితే ఒక నల్ల కిటికీ మెరిసి మాయమైంది. ఫోల్డరు తెరుచుకోలేదు. ఆ తర్వాత తెర మీద తనకి అక్కర్లేని ప్రకటనలు ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి.

కృపారావుకి ఫోన్ చేసింది. తెనాలి వీధుల్లో స్కూటరు మీద తిరుగుతూ ఇళ్లలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రమనిషి. ఏ ఇంటికెళ్లినా ముందు కంప్యూటరు ఫ్యానులో దుమ్ము ఊదుతాడు, తర్వాతే మాట్లాడతాడు.

"షార్ట్‌కట్ వైరస్ అక్కా. కంగారేం లేదు. మీ అసలు ఫోల్డర్లన్నీ లోపలే ఉన్నాయి. వాటిని దాచేసి, అదే పేర్లతో దొంగవాటిని ముందు నిలబెట్టింది. మీరు దొంగదాన్ని నొక్కినప్పుడల్లా అది కంప్యూటరులోకి దిగుతుంది."

దాచినవాటిని చూపించమని కంప్యూటరుకి చెప్పాడు. బాణాలున్నవి తీసేశాడు. అసలువాటిని మామూలుగా చేశాడు. ఎప్పుడో గడువు తీరి పడి ఉన్న యాంటీవైరస్ తీసేసి కొత్తది వేశాడు. ప్రమీలారాణి కుర్చీ పక్కనే నిలబడి, కొత్త కుట్టు నేర్చుకున్నట్టు ప్రతి నొక్కూ చూసింది. చిలకలు రెండూ క్షేమంగా ఉన్నాయి. కృపారావు కాఫీ తాగి వెళ్లాడు. దాచినవాటిని ఇక చూపించొద్దని కంప్యూటరుకి మళ్లీ చెప్పడం మాత్రం మర్చిపోయాడు.

బ్రహ్మయ్య జాకెట్టు చేతులకి బోర్డరు కుట్టడం కోసం పెన్‌డ్రైవ్ బాపట్ల వెళ్లి తిరిగొచ్చింది. తిరిగొచ్చేసరికి మళ్లీ బాణాలు. ఆదివారం పొద్దున్న. కృపారావు చర్చిలో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. ఆవిడకి తెలుసు. అయినా ఇందులో అతను ఉండాల్సినంత ఏముంది, చూసిందేగా అనుకుంది. బాణాలున్నవన్నీ పట్టి తీసేసింది. వాటి వెనక ఇంకొన్ని ఫోల్డర్లు కనబడ్డాయి. వాటి రంగు పాలిపోయి ఉంది.

కంప్యూటరు దాచిన వస్తువుని చూపించాల్సి వస్తే మసకగా చూపిస్తుంది. ఆ సంగతి ప్రమీలారాణికి తెలియదు. గుడ్డల మనిషికి రంగు వెలిసిందంటే ఒకటే అర్థం. సరుకు పోయింది, పక్కన పడేయాలి. వైరస్ తిని వదిలిన పిప్పి అనుకుని వాటినీ తీసేసింది. పెన్‌డ్రైవ్ తళతళలాడింది. ఇల్లు కడిగినంత తృప్తిగా వెళ్లి పప్పులో తాలింపు వేసింది.

మధ్యాహ్నం మిషను ముందు కూర్చున్నాక తెలిసింది, చిలకలు లేవని.

కృపారావు ప్రార్థన బట్టల్లోనే వచ్చాడు. విని, ముందు తన తల మీద తనే కొట్టుకున్నాడు. "దాచినవి కనబడకుండా మళ్లీ మార్చి వెళ్లాల్సింది నేనే అక్కా. తప్పు నాది. పర్లేదు, పెన్‌డ్రైవ్‌లోంచి తీసేసినా వెంటనే చెరిగిపోవు. దాని మీద ఇంకేదీ పడకపోతే వెనక్కి తియ్యొచ్చు. తీసేశాక దీంట్లో ఏమీ వెయ్యలేదుగా?"

ప్రమీలారాణి మిషను మీద దారపు ముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

"అక్కా?"

"రేపల్లె వదినకి పంపాలిగా. నాటకాల పద్యాలు, వినేవి, వేశా."

"ఎన్ని?"

"పట్టినన్ని."

"ఎందుకక్కా?"

ఆవిడ అతన్ని వింతగా చూసింది. "ఖాళీగా పంపుతామా ఏంటి? ఇంటి గిన్నె ఎవరైనా ఖాళీగా పంపుతారా? నీకు మీ అమ్మ చెప్పలేదా?"

చెప్పింది. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెని కడిగి, అందులో గుప్పెడు పంచదారో, నాలుగు వంకాయలో వేసి పంపకపోతే వాళ్లమ్మా ఊరుకోదు. కృపారావు కుర్చీలో వెనక్కి వాలాడు. తను ఒక కంప్యూటరునే పట్టుకు కడుగుతున్నాడని అప్పుడు అర్థమైంది.

"మీ చెల్లెలుగారు బాపట్ల నుంచి పంపేటప్పుడు?"

"అదీ ఖాళీగా పంపదు. పాటలో, వంటల వీడియోలో. ఈ మధ్య ఫ్రీ డిజైన్లని ఏదో మూట వేసింది. నేను తెరిచాను, ఏమీ రాలేదు. బాగున్నాయే అని ఫోన్ చేసి చెప్పా."

"ఏమీ రాకపోతే బాగున్నాయని ఎందుకు చెప్పారు?"

"ప్రేమగా పంపితే బాగాలేవంటామా?"

పోయినవాటిని వెనక్కి తీసే సాఫ్ట్‌వేర్ సాయంత్రం దాకా తవ్వింది. రెండు తోకలు, ఒక రెక్క, అలిగిన చిలక కాలిగోళ్లు దొరికాయి. మిగతా చోటంతా పద్యాలు కూర్చున్నాయి. నాటకానికి పదిరోజులు కూడా లేవు. ఆదివారమైనా మిల్లుకి వెళ్లొచ్చిన దశరథరామయ్య సంగతి విని, "పోనీ మామిడిపిందె వేసెయ్. బ్రహ్మయ్య వీపు వెడల్పుకి తోటంతా పడుతుంది" అన్నాడు. ఆ రాత్రి ఆయనకి పెరుగన్నంలోకి ఊరగాయ దొరకలేదు.

మళ్లీ గియ్యొచ్చు. కానీ ఆ మెడ వంపు మళ్లీ వస్తుందని ఆవిడకి నమ్మకం లేదు. రెండుసార్లు కూర్చుంది. మొదటిసారి చిలక అలిగినట్టు కాక మెడ పట్టేసినట్టు వచ్చింది. రెండోసారి కోడి వచ్చింది.

మర్నాడు రేపల్లె ప్యాసింజరులో ప్రమీలారాణి, కృపారావు ఎదురెదురుగా కూర్చున్నారు. మూడిళ్లూ శుభ్రం కాకుండా ఒక్కటి కడిగితే లాభం లేదని కృపారావు పట్టుబట్టాడు. తన కొత్త పెన్‌డ్రైవ్, వైరస్‌లు పట్టే సరంజామా సంచిలో పెట్టుకున్నాడు. ప్రమీలారాణి ఒడిలో స్టీలు డబ్బా ఉంది.

"అందులో ఏముందక్కా?"

"సున్నుండలు."

"అదే నయం."

కోటేశ్వరి వీధి గుమ్మంలోనే ఎదురొచ్చింది. ప్రమీలారాణి భర్తకి అక్క, నోరూ మనసూ పెద్దవి. "రా ప్రమీలా. కంప్యూటరుకి జబ్బు చేసిందటగా. మా దానికేం లేదమ్మా, శుభ్రంగా ఉంది. కాస్త నెమ్మదించిందంతే, నాలాగే."

"పాస్‌వర్డ్ చెప్పండమ్మా" అన్నాడు కృపారావు కీబోర్డు ముందు కూర్చుని.

"ఏమో నాయనా, పక్కింటి అమ్మాయి పెట్టింది." గోడ దగ్గరికెళ్లి కేకేసింది. "కరుణా! మన పాస్‌వర్డ్ ఏంటే?"

గోడ అవతల నుంచి కరుణ అంతకంటే గట్టిగా చెప్పింది. వీధిలో చేపలమ్మే ఆవిడ కూడా ఆగి విన్నది. కృపారావు ముందు దాన్ని మార్పించాడు, తర్వాతే పని మొదలుపెట్టాడు.

కోటేశ్వరి కంప్యూటరు నెమ్మదించడానికి కారణాలు తెర మీద వరసకట్టాయి. కృపారావు ఒక్కొక్కదాన్నీ ఏరిపారేస్తుంటే కోటేశ్వరి పక్కన నిలబడి "అయ్యో, అదీనా? అది పంచాంగం అనుకున్నానే" అంటూ సాగనంపింది. ప్రమీలారాణి మొహం చూసి ఆగింది.

"ఏంటే అలా ఉన్నావు?"

"చిలకలు పోయాయి వదినా. నా చేతులతో నేనే తీసేశా."

"ఏ చిలకలు? అలిగిన పిట్టా? పోవడమేంటి, నా దగ్గరుందిగా."

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"అలా చూస్తారేం? గిన్నె వస్తే ఏం చేస్తాం? లోపలున్నది మన గిన్నెలో పోసుకుని, కడిగి, మనది ఏదైనా వేసి పంపుతాం. నీ డిజైన్లు వచ్చినప్పుడల్లా నా కంప్యూటరులో పోసుకునేదాన్ని. డి అనేదాంట్లో 'ప్రమీలది' అని ఉంటుంది, చూడు నాయనా."

డి డ్రైవ్ తెరిస్తే 'ప్రమీలది' అనే ఫోల్డరు బాణంతో కనబడింది. కృపారావు దాన్ని ముట్టుకోకుండా, దాచినవాటిని చూపించమన్నాడు. బాణం వెనక అదే పేరుతో ఇంకొకటి, వెలిసిపోయి, బయటికొచ్చింది. అతను యాంటీవైరస్ కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. ఈలోపు ప్రమీలారాణి ముందుకు వంగి మౌసు పట్టుకుంది.

"అక్కా! ముట్టుకోవద్దు!"

ఆవిడ చేతులు వెనక్కి లాక్కుని పమిటలో చుట్టేసుకుంది. పెరట్లో కాకి లేచిపోయింది. కోటేశ్వరి నవ్వలేక మంచం మీద కూలబడింది.

ఫోల్డరు రంగు తిరిగొచ్చింది. దాన్ని స్కాన్ చేసి, మచ్చలేదని తేలాక తెరిచాడు. బతిమాలే చిలక ఉంది, అలిగిన చిలక ఉంది, మెడ వంపు ఉంది. ముక్కులు మాత్రం లేవు. ముక్కులు పెట్టకముందు పంపిన కాపీ అది.

"ముక్కులేగా" అంది ప్రమీలారాణి. "ముక్కులు అన్నం ఉడికేలోపు పెడతా."

కృపారావు ఆ చిలకల్ని కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాని మూత తనే పెట్టి ఆవిడ చేతికిచ్చాడు. వద్దని బోర్లించిన పళ్లాలు తిప్పి మళ్లీ వడ్డించి, తినేదాకా కోటేశ్వరి ఇద్దరినీ వదల్లేదు.

కర్లపాలెం మీదుగా వెళ్లే బస్సులో బాపట్ల చేరేసరికి ఎండ తగ్గింది. అసలు కష్టం అక్కడే ఎదురైంది. హైమావతి కంప్యూటరులో 'వెయ్యి జాకెట్టు డిజైన్లు ఉచితం' అన్న మూట దొరికింది. పురుగుల పుట్ట అదే. హైమావతికి కళ్లనీళ్లు తిరిగాయి.

"అయితే నేనేనా అక్కా నీకు విషం పంపింది?"

"నువ్వు పంపావు, నేను బాగుందన్నా. ఇద్దరం సమానమేలే."

"ఇక మీదట ఏం పంపొద్దా? డిజైన్ తీసుకుని ఉత్త పెన్‌డ్రైవ్ పంపాలా? మా అత్తగారు చూస్తే ఏమంటారు?"

"మీ అత్తగారికి పెన్‌డ్రైవ్‌లో ఏముందో ఎలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా!"

దీనికి కృపారావు దగ్గర సాఫ్ట్‌వేర్ లేదు. స్టీలు డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. "పెన్‌డ్రైవ్‌ని గిన్నె అనుకుంటున్నారు మీరు. గిన్నె డబ్బా అమ్మా. పెన్‌డ్రైవ్ అందులో గరిటె. గరిటె కడిగి పంపాలి, డబ్బా నింపి పంపాలి."

అక్కచెల్లెళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. హైమావతి లేచి వంటింట్లోకి వెళ్లి, సున్నుండలు ఖాళీ చేసిన డబ్బాలో జంతికలు నింపుకొచ్చింది. ఒప్పందం అంతటితో కుదిరింది. మిగతావి అతను చెబుతుంటే ఇద్దరూ తలలూపారు. యాంటీవైరస్ ఆపకూడదు. కంప్యూటరు అప్‌డేట్ అడిగితే వంట ఉందని వాయిదా వేయకూడదు. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటది తెరుచుకోకుండా కట్టడి చేశాడు. డిజైన్లకి ఇంకో కాపీ వేరే డిస్కులో, బీరువాలో ఉండాలి. ఉచితం అని రాసి ఉంటే ముందు తనకి ఫోన్ చెయ్యాలి.

"ఆదివారం అయితే?"

"ప్రార్థన అయ్యేదాకా ఆగండక్కా. ఏ చిలకా ఎగిరిపోదు."

ముక్కులు నిజంగానే అన్నం ఉడికేలోపు పడలేదు. అన్నం మాడింది. అయినా నాటకం రోజు పొద్దున్నే జాకెట్టు బ్రహ్మయ్య చేతికి అందింది. ఆయన అద్దానికి వీపు పెట్టి, మెడ తిప్పి చూసుకుని, "ఈ అలిగినదెవరో నాకు తెలుసమ్మాయ్. మా ఆవిడ" అన్నాడు.

సాయంత్రం హాలు నిండింది. ప్రమీలారాణి మూడో వరసలో ఒకపక్క కోటేశ్వరిని, ఇంకోపక్క హైమావతిని పెట్టుకుని కూర్చుంది. చివరి కుర్చీలో దశరథరామయ్య. తెర లేచింది. మహారాణి ప్రవేశించింది. నడక అద్భుతం, నవ్వు అద్భుతం. అలిగి, ప్రేక్షకులకు వీపు తిప్పింది.

వీపు మీద నడుము దాకా జడ ఉంది. చామంతులూ, జడగంటలూ గుచ్చిన, మణికట్టంత లావు సవరం. చిలకల్లో ఒక్క తోక చివర మాత్రం బయటికి కనబడుతోంది.

"జడ తప్ప ఇంకేం కనబడడం లేదే" అన్నాడు దశరథరామయ్య.

ప్రమీలారాణి లేచింది. హైమావతి కొంగు పట్టుకుంది. విడిపించుకుని, పక్క తలుపు గుండా వెళ్లి, హార్మోనియం వాయించే ఆయన వెనక తెర మడతలో నిలబడింది. మహారాణి అలకతో అటు నడిచొచ్చింది.

"బాబాయ్! జడ!"

బ్రహ్మయ్య పద్యంలో ఉన్నాడు. కనుబొమ ఎత్తి ఏంటని అడిగాడు.

"ముందుకేసుకోండి!"

కిక్కిరిసిన బస్సులో చిల్లర లెక్కపెడుతూ టిక్కెట్టు చింపిన మనిషి ఆయన. రాగం ఎక్కడా తెగనివ్వలేదు. పై స్థాయిలో ఆలాపన అందుకుంటూ ఎడమచేత్తో జడని పట్టి, గిర్రున తిప్పి, భుజం మీదుగా రొమ్ము మీదకి విసిరాడు. జడగంటలు ఘల్లుమన్నాయి. లైటు సూటిగా వీపు మీద పడింది. ఆకుపచ్చ చిలకలు రెండూ ఎర్రముక్కులతో హాలంతటికీ కనబడ్డాయి. ఒకటి బతిమాలుతోంది, రెండోది అటు తిరిగి కూర్చుంది.

చప్పట్లు మోగాయి. వన్స్‌మోర్ అని వెనక వరసల నుంచి కేకలు లేచాయి. బ్రహ్మయ్య తన ఆలాపనకే అనుకుని పద్యం మళ్లీ ఎత్తుకున్నాడు, ఈసారి మొదటి నుంచీ వీపు ఇటే పెట్టి.

తెర మడతలో ఆవిడ పక్కన నిలబడ్డ చెలికత్తె వేషం అమ్మాయి చిలకల వైపు చూస్తూ గుసగుసగా అడిగింది. "ఆంటీ, ఆ డిజైన్ ఎక్కడ డౌన్‌లోడ్ చేశారండీ?"

"డౌన్‌లోడ్ కాదమ్మా. నేనే గీశా" అంది ప్రమీలారాణి. అది గుసగుసగా చెప్పాల్సిన మాట. ఆవిడ గొంతు ముందు వరసల దాకా వినబడింది.